కారు బ్యాడ్జ్ చూసి డ్రైవరు గుణం చెప్పొచ్చా? ఏది మనిషిది, ఏది బండిది, ఏది మన కంటిది

స్టీరింగ్_శాస్త్రి (చర్చ మొదలుపెట్టినవారు)

బీఎండబ్ల్యూ వాడు ఇండికేటర్ వెయ్యడు. వోల్వో వాడు నత్తనడక. ఎస్‌యూవీ వాడికి పక్కబండి కనపడదు. టొయోటా ప్రియస్ హైబ్రిడ్ వాడు వేగపు లేన్ వదలడు. ఫోర్డ్ మస్టాంగ్ వాడు మలుపులో తోక తిప్పి ఫుట్‌పాత్ ఎక్కిస్తాడు. ఎర్ర కారుకు బీమా ఎక్కువ. కార్ల ఊసు వచ్చిన ప్రతి చోటా ఈ మాటలు వినపడతాయి. వీటిని విడదీసి చూద్దామని ఈ థ్రెడ్ పెడుతున్నాను.

నా ఉద్దేశంలో ఇలా జనం వేసే ప్రతి ముద్రలోనూ మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఆ కారును ఎలాంటివాళ్లు కొంటారన్నది ఒకటి. కారు తయారైన తీరు డ్రైవరు చేత ఏం చేయిస్తుందన్నది ఇంకొకటి. చూసేవాడి కన్ను దేన్ని లెక్కపెట్టి దేన్ని వదిలేస్తుందన్నది మూడోది. మొదటిదొక్కటే పట్టుకుని తిట్టుకుంటున్నాం, మిగతా రెండింటి గురించి ఎవరూ మాట్లాడరు.

ఒక్క మనవి. "నిన్న నాకొకడు తగిలాడు" అనే కథలు వద్దు. కారణం రాయండి, కొలత రాయండి.

పాత_మెకానిక్

బీఎండబ్ల్యూతోనే మొదలుపెడదాం శాస్త్రి గారూ, అందరి నోళ్లలో నానేది అదే కాబట్టి.

2000ల తర్వాత వచ్చిన ఆ కంపెనీ మోడళ్లు చాలావాటిలో ఇండికేటర్ లీవర్ మామూలు కార్లలోలాగా పైకో కిందకో వెళ్లి అక్కడే ఆగిపోదు. నొక్కి వదలగానే మధ్యకు వచ్చేస్తుంది. మెల్లగా తాకితే మూడుసార్లు వెలిగి ఆరిపోతుంది. గట్టిగా, ఆ చిన్న అడ్డు దాటేదాకా నొక్కితేనే మలుపు పూర్తయ్యేవరకు వెలుగుతూ ఉంటుంది. ఆపాలంటే మళ్లీ మెల్లగా తాకాలి. అలవాటు లేనివాళ్లు ఆపబోయి గట్టిగా అవతలివైపుకు నొక్కుతారు, అంతే, అటువైపు ఇండికేటర్ మొదలవుతుంది. వెనకవాడికి కుడి, ఎడమ, మళ్లీ కుడి కనపడుతుంది. ఇలా రెండుసార్లు జరిగాక కొందరు లీవర్ ముట్టుకోవడమే మానేస్తారు.

ఇక లెక్క. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 90 సార్లు, అటూ ఇటూ 30 తేడాతో వెలగాలి. 90 చొప్పున మూడు మెరుపులంటే 2 సెకన్లు. గంటకు 100 కి.మీ. వేగంలో 2 సెకన్లలో బండి 55 మీటర్లు పోతుంది. పద్ధతిగా లేన్ మారడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. అంటే బండి గీత మీద ఉండగానే ఇండికేటర్ ఆరిపోతుంది. ఆ క్షణంలో తల ఎత్తినవాడికి ఇండికేటర్ వెయ్యని బండే కనపడుతుంది.

ఈ మూడు మెరుపుల సదుపాయం ఇప్పుడు దాదాపు అన్ని కంపెనీల కార్లలో ఉంది. కాబట్టి ఇదే లోపం అన్నిచోట్లా జరుగుతుంది, పేరు మాత్రం ఒకరికే వచ్చింది. పరిష్కారం తేలిక. లేన్ మారేటప్పుడు లీవర్‌ను పూర్తిగా నొక్కండి, లేదా మెల్లగా నొక్కి పట్టుకునే ఉండండి. కొన్ని కార్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడును ఐదుగా మార్చుకోవచ్చు.

ఇంకోటి, ముందునుంచి చూసేవాళ్లకు. పగటి లైటు తెల్లగా భగ్గుమంటూ ఉంటే దాని ఒళ్లోనే ఇండికేటర్ బల్బు పెట్టిన డిజైన్లు ఉన్నాయి. ఆ తెలుపులో నారింజ కలిసిపోతుంది. అందుకే చాలా కార్లలో ఇండికేటర్ వేసినవైపు పగటి లైటు ఆరిపోయేలా, లేదా మసకబారేలా పెడతారు. ఆ ఏర్పాటు చెడిపోయినా, బయట దొరికే లైట్ స్ట్రిప్ అతికించినా ఇండికేటర్ వేసీ వెయ్యనట్టే.

నాలుగో_గేరు

> లీవర్ ముట్టుకోవడమే మానేస్తారు

మెకానిక్ అన్నా, మీరు రాసింది కాదనను. కానీ దాన్ని పట్టుకుని మనిషిని పూర్తిగా వదిలేయకూడదు. 2020లో ఫిన్లాండ్ పరిశోధకులు 1,892 మంది కారు యజమానుల స్వభావాన్ని ప్రశ్నావళితో కొలిచి, వాళ్ల దగ్గరున్న కార్లతో పోల్చి చూశారు. ఎదుటివాళ్లను పట్టించుకోని, వాదనకు దిగే, సానుభూతి తక్కువున్న మగవాళ్లు ఆడి, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ లాంటి హోదా కార్లు కొనే అవకాశం ఎక్కువని తేలింది. వాళ్ల దగ్గర డబ్బు ఎక్కువ ఉండటం వల్ల మాత్రమే కాదని కూడా చూశారు. అంటే శాస్త్రి గారి మొదటి సంగతి ఉత్తిది కాదు. పొగరున్నవాడు ఆ బండినే ఎంచుకుంటాడు.

స్టీరింగ్_శాస్త్రి

ఆ పరిశోధనలోనే ఇంకో సగం ఉంది తమ్ముడూ, దాన్ని ఎవరూ చెప్పుకోరు. పద్ధతిగా, బాధ్యతగా, పని సక్రమంగా చేసే స్వభావం ఉన్నవాళ్లు కూడా ఆ కార్లనే ఎక్కువగా కొంటున్నారని తేలింది. అదీ మగవాళ్లలో, ఆడవాళ్లలో ఇద్దరిలోనూ. నాణ్యత, నమ్మకం చూసి కొనేవాళ్లు వాళ్లు. కాబట్టి ఒకే బ్యాడ్జ్ వెనక రెండు రకాల మనుషులు కూర్చుని ఉన్నారు. మొదటివాడు హారన్ కొట్టి పోతాడు కాబట్టి గుర్తుంటాడు. రెండోవాడు ఇండికేటర్ వేసి, అద్దం చూసి, నెమ్మదిగా లేన్ మారిపోతాడు. ఆ బండి ఏ కంపెనీదో కూడా మీరు చూడరు.

లెక్కల_మనిషి

ఈ విషయంలో కొలతలు 1968 నుంచీ ఉన్నాయి. వరసగా చెప్తాను.

1968లో అమెరికాలో డూబ్, గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు సిగ్నల్ దగ్గర ఒక ప్రయోగం చేశారు. పచ్చ లైటు పడ్డాక కూడా ముందు కారు కావాలని కదలకుండా ఉంటుంది. కొన్నిసార్లు అది మెరిసే కొత్త క్రైస్లర్, కొన్నిసార్లు తుప్పుపట్టిన పాత బండి. వెనకున్నవాళ్లు ఎంతసేపటికి హారన్ కొడతారో చూశారు. పాత బండి వెనకున్నవాళ్లలో 84 శాతం కొట్టారు. ఖరీదైన కారు వెనక 50 శాతమే. నాకు అన్నిటికన్నా విలువైనది దీని రెండో భాగం. ఇదే పరిస్థితిని కాగితం మీద రాసి విద్యార్థులను అడిగితే, మగపిల్లలు "ఖరీదైన కారు అయితేనే త్వరగా హారన్ కొడతాం" అన్నారు. రోడ్డు మీద జరిగింది సరిగ్గా దానికి ఎదురు. అంటే ముద్ర బండి నడిపేవాడి మీదే కాదు, చూసేవాడి చేతిమీద కూడా పనిచేస్తుంది, ఆ సంగతి అతనికి తెలియదు.

2012లో కాలిఫోర్నియాలో పిఫ్ అనే పరిశోధకుడి బృందం కూడలి దగ్గర 274 కార్లను గమనించింది. కారు హోదాకు 1 నుంచి 5 దాకా అంకె వేశారు. పై అంకె కార్లలో మూడో వంతుకు దగ్గరగా ఇతరుల వంతులో దూరాయి, కింది అంకె కార్లలో పదో వంతు కూడా కాదు. పాదచారులు రోడ్డు దాటే చోట మరో 152 కార్లతోనూ పోకడ అదే. 2020లో లాస్ వేగాస్‌లో వచ్చిన పరిశోధనలో 461 కార్లు చూస్తే పాదచారికి ఆగినవి 28 శాతమే. కారు విలువ ప్రతి 1,000 డాలర్లు పెరిగేకొద్దీ ఆగే అవకాశం 3 శాతం చొప్పున తగ్గింది.

ఇవన్నీ "ఖరీదైన కారు" గురించి చెప్పేవి. బ్రాండు గురించి కాదు. అందులో ఉన్నది యజమానో, అతని కొడుకో, జీతానికి నడిపే డ్రైవరో రోడ్డు పక్కనుంచి తెలియదు. పైగా కొన్ని వందల కార్లు, ఒకటి రెండు కూడళ్లు. దిశ చూపించడానికి పనికొస్తాయి, ఎదురుగా వస్తున్న ఒక్క కారు గురించి తీర్పు చెప్పడానికి పనికిరావు.

ఇక కంటి సంగతి. 1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ థ్రెడ్‌కు గుండెకాయ. "అ" గుంపు గురించి 26 వాక్యాలు: 18 మంచివి, 8 చెడ్డవి. "ఆ" గుంపు గురించి 13 వాక్యాలు: 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి రెండింటిలోనూ ఒక్కటే. అయినా చదివినవాళ్లు చిన్న గుంపే ఎక్కువ చెడ్డదని చెప్పారు. అరుదైన గుంపు, అరుదైన పని ఒకేసారి కనపడితే మనసు వాటిని ముడేసి దాచుకుంటుంది. రోడ్డు మీద ఖరీదైన బండి అరుదు. కట్ కొట్టడమూ, మొత్తం ప్రయాణంతో పోలిస్తే, అరుదే. అందుకే మామూలు హ్యాచ్‌బ్యాక్ వాడు కట్ కొడితే "ఎవడో వెధవ" అంటాం, బీఎండబ్ల్యూ వాడు కొడితే "బీఎండబ్ల్యూ వెధవ" అంటాం.

రాత్రి_డ్రైవర్

ఎస్‌యూవీల గురించి నేను రాస్తాను. "వెనకాలే అతుక్కుని లైట్లు కొడతారు" అనే ముద్రలో సగం లైటు ఎత్తు.

లో బీమ్, అంటే దగ్గరి రోడ్డును చూపే వెలుగు, నేలకు సమాంతరంగా పోదు, కొంచెం కిందకు వంగి ఉంటుంది. ఎంత వంగాలో హెడ్‌లైటు దగ్గర స్టిక్కర్ మీదో, లైటు మీదో శాతంలో ఉంటుంది. 1 శాతం అంటే 10 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు దిగాలి. మామూలు సెడాన్ లైటు 65 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి, 10 మీటర్ల దగ్గర వెలుగు అంచు 55 సెం.మీ.కి దిగుతుంది. ముందు కారు డిక్కీ మీద పడుతుంది, ఎవరికీ బాధ లేదు. ఎస్‌యూవీ లైటు 95 సెం.మీ. ఎత్తులో ఉంటే అదే దూరంలో అంచు 85 సెం.మీ. సెడాన్ పక్క అద్దాలు ఇంచుమించు అక్కడే మొదలవుతాయి.

ఇప్పుడు ఎస్‌యూవీ వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను. వెనక స్ప్రింగులు 4 సెం.మీ. కుంగితే, 2.7 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మీద అది 1.5 శాతం వాలు. కిందకు 1 శాతం వంగాల్సిన బీమ్ పైకి అర శాతం లేస్తుంది. 10 మీటర్ల దగ్గర 100 సెం.మీ., 20 మీటర్ల దగ్గర 105. ముందు డ్రైవరుకు అది హై బీమ్ లాగే ఉంటుంది. గుంతల్లో బండి ఊగినప్పుడల్లా వెలుగు లేచి పడుతుంది, దాన్ని "లైట్లు కొట్టి దారి అడుగుతున్నాడు" అనుకుంటారు. లోపలున్నవాడికి ఇదేమీ తెలియదు, అతను లో బీమ్‌లోనే ఉన్నాడు.

స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం దీనికోసమే. డ్రైవరు ఒక్కడే ఉంటే 0. బరువు పెరిగేకొద్దీ అంకె పెంచాలి, బీమ్ కిందకు దిగుతుంది. ఆటోమేటిక్ లెవెలింగ్ ఉన్న కార్లలో వెనక ఇరుసు దగ్గర సెన్సర్ కడ్డీ ఉంటుంది. దాని కీలు తుప్పుపట్టి బిగుసుకుపోతే బీమ్ ఒకేచోట నిలిచిపోతుంది.

ఇంట్లోనే చూసుకోవచ్చు. చదునైన నేల, టైర్లలో సరైన గాలి, డ్రైవరు సీట్లో ఒక మనిషి. గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. హెడ్‌లైటు మధ్యభాగం నేలనుంచి ఎంత ఎత్తో కొలిచి గోడమీద టేప్ అంటించండి. స్టిక్కర్ మీద 1 శాతం అని ఉంటే వెలుగు అంచు టేప్‌కు 10 సెం.మీ. కింద ఉండాలి. పైన ఉంటే లైటు వెనకున్న స్క్రూతో దించండి.

ఒక్కదానికి మాత్రం మనిషినే అనాలి. హాలోజన్ బల్బుకోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు దూర్చడం. రిఫ్లెక్టర్ మొత్తం లెక్క ఫిలమెంట్ ఉండే చోటును బట్టి చేసింది. ఎల్ఈడీ చిప్‌లు ఆ చోట సరిగ్గా కూర్చోవు, ఆకారమూ అది కాదు, వెలుగు అంచు చెదిరిపోయి అన్నివైపులా పడుతుంది. దాన్ని స్క్రూ తిప్పి సరిచేయలేరు.

నాలుగో_గేరు

మరి పక్కబండి కనపడదనే మాట? అదీ లైటు వల్లేనా?

పాత_మెకానిక్

అది ఏ-పిల్లర్, అంటే ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభం. బండి బోల్తాపడినా పైకప్పు నలగకూడదని దాన్ని లావు చేశారు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ కూడా ఆ దారిలోనే పోతుంది. భద్రత పెరిగింది, చూపు తగ్గింది. కూడలిలో బండి తిరుగుతూ ఉంటే, పాదచారి నడుస్తూ ఉంటే, ఇద్దరి వేగాలు కలిసిపోయి అతను ఆ స్తంభం చాటునే మొదటినుంచి చివరిదాకా ఉండిపోవచ్చు. కారు కదులుతోంది కదా, ఎప్పుడో ఒకప్పుడు కనపడతాడులే అనుకోవడమే ఇక్కడ జరిగే పొరపాటు. తల కాదు, నడుము దగ్గరనుంచి ఒళ్లు ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి వంచి చూడాలి. ఎంత అలవాటున్న డ్రైవరైనా సరే.

ఇంకో సంగతి సీటు ఎత్తు. పైన కూర్చున్నవాడికి రోడ్డు కళ్లకు దూరంగా ఉంటుంది, కాబట్టి గీతలు నెమ్మదిగా జారుతున్నట్టు అనిపిస్తాయి. సిమ్యులేటర్‌లో స్పీడోమీటర్ చూడకుండా నడపమంటే ఎత్తైన సీటులో జనం ఎక్కువ వేగంగా పోయారు. అదే మనిషిని చిన్న కారులో కూర్చోబెడితే నెమ్మదిస్తాడు.

నాలుగో_గేరు

ఒప్పుకుంటాను. కానీ లండన్‌లో రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టి 2006లో అచ్చువేసిన పరిశోధన కూడా ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల వాళ్లు చేతిలో ఫోన్ పట్టుకుని కనపడటం మిగతావాళ్లకన్నా దాదాపు నాలుగు రెట్లు. సీటు బెల్టు పెట్టుకోకపోవడమూ ఎక్కువే. పెద్ద బండిలో క్షేమంగా ఉన్నామన్న ధీమా మనిషి చేత నిర్లక్ష్యం చేయిస్తుంది. పిల్లర్ ఎంత లావైనా ఫోన్ దానంతట అది చేతిలోకి రాదు కదన్నా.

పాత_మెకానిక్

రాదు తమ్ముడూ. అక్కడ నేను మనిషినే పట్టుకుంటాను.

బ్యాటరీ_బాబాయి

ఎలక్ట్రిక్ కార్ల మీద రెండు ముద్రలు ఒకదానికొకటి పడవు. "భయపడుతూ నడుపుతారు, ఊరికే బ్రేకు తొక్కుతారు" అనేది ఒకటి. "సిగ్నల్ దగ్గర రాకెట్‌లా పోతారు" అనేది రెండోది. రెండూ ఒకే బండి పని.

బ్రేకు లైటు సంగతి ముందు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారు జనరేటర్‌గా మారి బండిని నిదానింపజేస్తుంది, దీన్నే రీజెన్ అంటాం. యూరప్ తదితర దేశాలు పాటించే నిబంధన ప్రకారం ఆ నిదానింపు సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు దాటితే బ్రేకు లైటు వెలగాలి. 0.7 లోపుంటే వెలగకూడదు. ఈ రెండింటి మధ్య కంపెనీ ఇష్టం. ఒకే పెడల్‌తో నడిపే పద్ధతిలో కాలు కొంచెం సడలిస్తే చాలు, 1.3 అటూ ఇటూ ఊగుతుంది. లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి. డ్రైవరు బ్రేకు ముట్టుకోనే లేదు. దీనికి మందు కాలు నేర్పరితనమే. పెడల్‌ను ఒక్కసారిగా వదలకుండా, అవసరమైనంతే సడలించి అక్కడ నిలపడం. పెద్ద రోడ్డు మీద రీజెన్ స్థాయి తగ్గించుకుంటే ఇంకా మేలు.

నెమ్మది ఎందుకంటే, గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. 110 నుంచి 130కి పోతే వేగం పెరిగింది 18 శాతం, గాలి అడ్డు 40 శాతం. పెట్రోలు కారులోనూ ఇదే భౌతికశాస్త్రం, కానీ ఆ డ్రైవరు ముందు మిగిలిన కిలోమీటర్ల అంకె కళ్లెదుటే తరుగుతూ కనపడదు. కనపడితే అతనూ 105కు దిగుతాడు. 1997లో వచ్చిన ప్రియస్ కూడా ఈ ముద్ర మోసింది ఇందుకే. శక్తి ఎటు పోతోందో తెరమీద చూపించింది, జనం ఆ తెరకు తగ్గట్టు నడపడం నేర్చుకున్నారు. అందులో తప్పు లేదు. నెమ్మదిగా పోవాలనుకుంటే వేగపు లేన్ వదిలేయాలి, అంతే.

రాకెట్ సంగతి మోటారుది. సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఉంటుంది. పెట్రోలు కారులో అలవాటుపడ్డ పాదం అంతే లోతుకు నొక్కితే బండి దూకుతుంది. మొదటి వారాల్లో ఎకో మోడ్‌లో పెట్టుకుని పాదాన్ని మార్చుకోవాలి.

ఇంకొక్కటి, అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్, అంటే ముందు బండిని బట్టి కారు తన వేగాన్ని తానే సర్దుకునే ఏర్పాటు. దూరం సెట్టింగ్ ఎక్కువలో పెడితే ముందు బండికి రెండు సెకన్లకు పైగా ఖాళీ వదులుతుంది. ఎవడో ఆ ఖాళీలో దూరతాడు, కారు తనంతట తాను బ్రేకు వేసి దూరం పెంచుకుంటుంది, వెనకవాడు "కావాలని బ్రేకు కొట్టాడు" అని మండిపడతాడు. మళ్లీ ఇంకొకడు దూరతాడు. రద్దీలో దూరం ఒక గీత తగ్గించుకుంటే ఈ గొడవ చాలావరకు పోతుంది.

స్టీరింగ్_శాస్త్రి

"నత్తనడక" ముద్రకు బాబాయి గారి మాటకు తోడు ఇంకో కారణం చేరుస్తాను. స్పీడోమీటర్ అసలు వేగంకన్నా తక్కువ చూపించకూడదన్నది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన. ఎక్కువ చూపించొచ్చు, అసలు వేగంలో పదో వంతు, దానిపైన ఇంకో 4 కి.మీ. దాకా. అందుకే కంపెనీలన్నీ కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి. ముల్లు 100 మీద ఉన్నా బండి 95లో పోతూ ఉండొచ్చు. నియమం పాటించే మనిషి ముల్లును నమ్మి 100లో ఉంటాడు, వెనకవాడు జీపీఎస్ చూసి పళ్లు నూరుతాడు. టైర్లు అరిగితే చుట్టుకొలత తగ్గి తేడా ఇంకా పెరుగుతుంది.

వోల్వో గురించి ఒక్క మాట. మూడు చోట్ల బిగించే సీటు బెల్టును ఆ కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తయారుచేశాడు, 1959లో కార్లలోకి వచ్చింది. స్వీడన్ 1977లోనే పగలు కూడా లైట్లు వెయ్యాలని నియమం పెట్టింది. భద్రత అనగానే గుర్తొచ్చే పేరైంది కాబట్టి జాగ్రత్తపరులు, పిల్లలున్నవాళ్లు దాన్ని వెతుక్కుని కొన్నారు. ఇక్కడ ముద్రకు మూలం కొనేవాళ్లే. దాన్ని తిట్టుగా ఎందుకు వాడతారో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రబ్బరు_రోడ్డు

మస్టాంగ్, అలాంటి బలమైన వెనక చక్రాల బండ్ల గురించి. కార్ల ప్రదర్శన ముగిసి బయటికి వచ్చేటప్పుడు తోక తిప్పి గుద్దే వీడియోలు అందరూ చూసే ఉంటారు. "డ్రైవింగ్ రానివాడికి బలమైన బండి" అని తేల్చేస్తారు. అక్కడ వరసగా జరిగేది ఇది:

బండి గంటలకొద్దీ నిలబడి ఉంది, టైర్లు చల్లబడ్డాయి. సమ్మర్ టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకు వస్తే గట్టిపడి పట్టు వదిలేస్తుంది. రోడ్డు నీరు పోవడానికి మధ్యలో ఎత్తు, అంచుల్లో వాలు. డ్రైవరు ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా ఆపే ఏర్పాటు) తీసేస్తాడు, మొదటి గేరులో పూర్తిగా నొక్కుతాడు. వెనక చక్రాలు జారి వాలువైపు పోతాయి. అతను స్టీరింగ్ ఎదురు తిప్పుతాడు, అంతవరకూ సరే. అప్పుడు భయపడి యాక్సిలరేటర్ మీదనుంచి కాలు ఒక్కసారిగా తీసేస్తాడు. అసలు ప్రమాదం ఈ క్షణంలో పుడుతుంది. వెనక చక్రాలకు పట్టు ఒక్కసారిగా తిరిగి వస్తుంది, ముందు చక్రాలు ఇంకా ఎదురువైపుకు తిరిగే ఉన్నాయి, బండి అటువైపుకు విసిరినట్టు పోతుంది. మొదట తోక తిరిగినవైపు కాదు, దానికి అవతలివైపు గుద్దుతుంది. వీడియోలు మళ్లీ చూడండి, ఎక్కువ వాటిలో ఇదే.

చేయాల్సింది: కాలు మెల్లగా సగానికి సడలించాలి, చూపు పోవాల్సిన దారిమీద ఉండాలి, తోక తిరిగి వస్తున్న వేగానికి తగ్గట్టు స్టీరింగ్‌ను వెంటనే మధ్యకు రానివ్వాలి. ట్రాక్షన్ బటన్ జోలికి పోకుండా ఉంటే ఇవేవీ అక్కర్లేదు. చాలా కార్లలో ఆ బటన్ ఒకసారి నొక్కితే ట్రాక్షన్ మాత్రమే పోతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ (బండి అదుపు తప్పి తిరిగిపోకుండా ఆపే ఏర్పాటు) కూడా పోతుంది. తేడా తెలియకుండా నొక్కేవాళ్లు చాలామంది.

ఇలాంటి బండి చేతులు మారేకొద్దీ చవకవుతుంది, మూడో నాలుగో యజమాని దగ్గర టైర్లకు డబ్బు ఉండదు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. లోతు బాగున్నా పదేళ్ల రబ్బరు పట్టుకోదు. కుర్రాడి దుడుకుతనం ఉంది, కాదనను. కానీ అదే కుర్రాడు అదే పాదంతో ముందు చక్రాల చిన్న కారులో నొక్కితే బండి నేరుగా ముందుకే పోతూ కీచుమంటుంది, అంతే. ఎవడూ వీడియో తీయడు.

లెక్కల_మనిషి

ఎర్ర కారు బీమా సంగతి రెండు ముక్కల్లో ముగించొచ్చు. బండి గుర్తింపు సంఖ్యలో 17 అక్షరాలుంటాయి, వాటిలో రంగుకు చోటు లేదు. బీమా లెక్కకు కావాల్సింది మోడల్, ఇంజన్, తయారైన ఏడాది, డ్రైవరు వయసు, గత క్లెయిమ్‌లు. ఎరుపు వేగమైన మోడళ్లలో ఎక్కువగా కనపడుతుంది, ప్రీమియం పెరిగేది ఆ మోడల్ వల్ల.

నాలుగో_గేరు

సరే, ఇవన్నీ విన్నాక ఒక్క ప్రశ్న. ముందు పోతున్న బండి ఏం చేయబోతోందో రోడ్డు మీద ఊహించాలి కదా, అదీ అర క్షణంలో. బ్యాడ్జ్ వద్దంటే దేన్ని చూడాలి?

పాత_మెకానిక్

ముందు చక్రాన్ని చూడు. పక్క దారినుంచి దూరబోయే బండి ఒళ్లు కదలకముందే చక్రం తిరగడం మొదలవుతుంది, రిమ్ చువ్వలు కదిలితే కంటికి వెంటనే దొరుకుతుంది. లేన్ మారబోయేవాడు గీతవైపు ముందే కాస్త జరుగుతాడు, తల అద్దంవైపు తిరుగుతుంది, ముందు బండికి దగ్గరపడుతూ కూడా బ్రేకు వెయ్యడు. ఈ మూడూ కలిస్తే ఇండికేటర్ లేకపోయినా వస్తాడనే అనుకో.

బండి ఒంటిమీద రాత కూడా చదవొచ్చు. వెనక బంపర్ మూలల్లో గీతలుంటే రివర్స్‌లో అంచనా తప్పేవాడు. ఫుట్‌పాత్ వైపు రిమ్ముల అంచులు కొరుక్కుపోయి ఉంటే బండి వెడల్పు ఇంకా చేతికి రాలేదని. బ్రేకు లైట్లలో ఒకటే వెలుగుతోందంటే ఆ బండిని చాలాకాలంగా ఎవరూ చూసుకోలేదు, బ్రేకు ప్యాడ్లూ అలాగే ఉండొచ్చు, దూరం పెంచు. ఇండికేటర్ మామూలుకన్నా గబగబా కొట్టుకుంటుంటే అటువైపు ఒక బల్బు పోయిందన్నమాట, వెనక బల్బే పోయి ఉంటే నీకు అసలు కనపడదు.

నాలుగో_గేరు

రిమ్ముల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదన్నా, గుర్తుపెట్టుకుంటాను. అయినా బ్రాండు ముద్రలో ఎంతోకొంత నిజముందో లేదో సొంతంగా తేల్చుకోవాలని ఉంది. డ్యాష్‌క్యామ్‌తో ఒక వారం లెక్కపెడితే సరిపోతుందా లెక్కల మాస్టారూ?

లెక్కల_మనిషి

వారం అని కాదు, సంఖ్య చూడాలి. మామూలు కార్లలో 8 శాతం ఇండికేటర్ లేకుండా లేన్ మారుతున్నారనుకుందాం. మీరు అనుమానించే బ్రాండులో అది రెట్టింపు, 16 శాతం. ఇంత పెద్ద తేడాను నమ్మకంగా పట్టుకోవాలన్నా ఒక్కోవైపు 260 దాకా లేన్ మార్పులు కావాలి. ఆ బ్రాండు రోడ్డు మీద 5 శాతం ఉంటే మొత్తం 5,200 లేన్ మార్పులు చూడాలన్నమాట. పది బండ్లు చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

చేసేటప్పుడు ఇవి తప్పవద్దు. తప్పు చేసిన బండ్లనే కాదు, లేన్ మారిన ప్రతి బండినీ రాయాలి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. ఒకే మనిషి రెండూ రాయకూడదు. ఒకరు వీడియోలో లైటు భాగం మాత్రమే చూసి వెలిగిందో లేదో రాయాలి, బ్యాడ్జ్ ఉన్నచోట తెరమీద కాగితం అంటించుకుని. రెండోవారు అదే సమయం దగ్గర బ్రాండు రాయాలి. చివర్లో సమయాలు కలిపి చూడాలి. పగలూ రాత్రీ విడిగా పెట్టండి, రద్దీ వేళనూ ఖాళీ వేళనూ కలపొద్దు, ఎందుకంటే ఖరీదైన బండ్లు అన్ని వేళల్లో ఒకే నిష్పత్తిలో తిరగవు. ఎండ సూటిగా లైటు మీద పడి వెలిగిందో లేదో తెలియని క్లిప్పులను పక్కన పడేయండి, అనుమానమున్నదాన్ని "వెయ్యలేదు" అని రాసుకోవద్దు.

మొదలుపెట్టకముందే "ఇండికేటర్ వేశాడు" అంటే ఏమిటో కాగితం మీద రాసుకోండి. టైరు గీతను తాకకముందు కనీసం ఒక మెరుపు కనపడాలి, అని నేనైతే పెడతాను. మెకానిక్ గారు చెప్పిన మూడు మెరుపుల బండి దాంట్లో "వేశాడు" కిందకే వస్తుంది.

నాలుగో_గేరు

రెండో మనిషిగా మా చెల్లెల్ని కూర్చోబెడతాను, తనకు కార్ల పేర్లు బాగా తెలుసు. లైట్ల వరుస నేను రాస్తాను. మొదటి 500 అయ్యాక పట్టిక ఇక్కడే పెడతాను.